బాపు మిషన్ మీద ప్లాస్టిక్

నెలకోసారి ఆదివారం పూట హైదరాబాద్‌లో ఒక మేడ మీద పెన్నులు తిప్పేవాళ్ళం పది పన్నెండు మందిమి చేరతాం. తిప్పడమంటే వేళ్ళ మధ్య తిప్పడం కాదు. లేత్ మిషన్‌కు కడ్డీ బిగించి, అది గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి పెన్ను ఆకారం తీయడం. అందరికీ వేరే బతుకుదెరువులున్నాయి, ఇది సరదా. కొత్తవాళ్ళెవరొచ్చినా మొదటి ప్రశ్న ఒకటే. చెక్క అంత అందంగా ఉంటుంది కదా, మీరంతా ప్లాస్టిక్ ఎందుకు తిప్పుతారు అని. ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్తారు. చెక్క సిరా తాగుతుందంటారు. చెక్కలో మూత తిప్పే మరలు నిలవవంటారు. ప్లాస్టిక్‌కు లక్క అక్కర్లేదు, వార్నిష్ అక్కర్లేదు, రుద్దితే అదే మెరుస్తుందంటారు. అన్నీ నిజాలే. నా వంతు వచ్చేసరికి నేను టీ తాగుతుంటాను. ఒకసారి ఒకాయన వదలకుండా అడిగాడు. నేను నాలుగు మాటలు చెప్పానో లేదో, "మీ యాస భలే ఉంటుందండీ" అని నవ్వాడు. నేను చెప్పిందేమిటో ఆయన చెవికే ఎక్కలేదు. అప్పటినుంచి అక్కడ ఆ విషయం ఎత్తడం మానేశాను. ఇక్కడ రాస్తున్నాను.

ముందే చెప్తున్నాను, నాకు ప్లాస్టిక్ అంటే పడదు. ఉలి తగిలితే వచ్చే ఆ మాడు వాసన పడదు, గోళ్ళలో ఇరుక్కునే ఆ పోగులు పడవు, సబ్బు బిళ్ళల్లాంటి ఆ రంగులు అసలే పడవు. అయినా ఏళ్ళ తరబడి తిప్పుతున్నాను. పైగా మా బాపు మిషన్ మీద తిప్పుతున్నాను. ఇదే పని చేసినందుకు ఒకప్పుడు మా అక్క మొగుణ్ణి, ఆయన పెరట్లోనే నిలబడి, నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ తిట్లలో ఒక్కటి కూడా ఇప్పటిదాకా వెనక్కి తీసుకోలేదు.

నాన్నను మేము బాపు అంటాం, అమ్మను అవ్వ. బాపు మానుకోటలో మంచం కోళ్ళు చేసేవాడు. రికార్డుల్లో మహబూబాబాద్, మా నోట్లో మానుకోట. రైలు పట్టాల అవతల మా ఇల్లు, ఇంటి పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో ఆ మిషన్. కోళ్ళు, ఊయల గుంజలు, కవ్వాలు, చపాతీ కర్రలు, ఏది కావాలన్నా దాని మీద నున్నగా దిగేది. బయ్యారంలో చేయించుకున్న ఉలులు గోడకు వరసగా వేలాడేవి. బాపుకు చదువు రాదు, ఎక్కడైనా వేలిముద్రే. కానీ మొద్దును వేలి గణుపుతో కొట్టి, ఆ చప్పుడు విని, చెట్టు కొట్టి ఎన్నాళ్ళయిందో చెప్పేవాడు. చెప్పింది తప్పు కావడం నేను చూడలేదు.

మిషన్ కాడికి ఆడపిల్ల రావద్దన్నది బాపు పెట్టిన చట్టం. జడ చిక్కుకుంటుందనేవాడు, చున్నీ చిక్కుకుంటుందనేవాడు. అక్క సరేనంది. నేను ఏడో తరగతిలో జడ కత్తిరించుకుని, చున్నీ పక్కన పడేసి, పోయి మిషన్ ముందు నిలబడ్డాను. ఆ పూట అవ్వ నా వీపు చిట్లగొట్టింది. బాపు మాత్రం నా తలను ఒకసారి చూసి, మిషన్ బెల్టు సరిచేసుకుంటూ, లోపలికి పొమ్మన్నాడు. కొట్టినా ఇంత మంట ఉండేది కాదు. ఆడపిల్లలకు ఆ షెడ్డులో ఉన్న పని ఒకటే, సాయంత్రం మిషన్ ఆపాక పొట్టు ఎత్తి పొయ్యి దగ్గర పోయడం. పొట్టు ఎత్తేటప్పుడు చున్నీ ఎందులోనూ చిక్కుకోదట.

అక్కకు పెళ్ళయింది. బావది భూపాలపల్లి, బొగ్గుబాయిలో పని. భూమి లోపల బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కట్టె దిమ్మెలు నిలబెట్టే పని. కట్టె తెలిసిన అల్లుడు దొరికాడని బాపు సంబరం ఇంతా అంతా కాదు. దిమ్మె నిలబెట్టడానికీ కోడు తిప్పడానికీ సంబంధమేమిటో నాకైతే అర్థం కాలేదు. బావ పండుగకు వచ్చిన ప్రతిసారీ బాపు ఆయన్ను షెడ్డులోకి పిలిచి, స్టూలు వేసి కూర్చోబెట్టి పని నేర్పేవాడు. చిన్నప్పటినుంచి ఆ షెడ్డు పొట్టు ఎత్తిన నేను గుమ్మం కడప మీద పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. కళ్ళు పుస్తకంలో, చెవులు లోపల.

బాపు గొంతు చించుకుని చెప్పేవాడు. మిషన్ తిరుగుతుంటే అరిచాడంటే సరే. బెల్టు ఆగాక కూడా అదే అరుపు. బావకు చెవుడేమీ లేదు. పని బుర్రకెక్కడం లేదని బాపు విసుక్కుంటున్నాడనుకుని నాకు లోపల్లోపల సంతోషంగా ఉండేది. నాకైతే ఒక్కసారి చెప్తే చాలు అనుకునేదాన్ని.

అట్లా విన్నదే కోళ్ళ సంగతి. మంచానికి నాలుగు కోళ్ళు, వాటి బెజ్జాల్లోకి దూరే నాలుగు పట్టెలు. పట్టె బాగా ఎండినది కావాలి. కోడు మాత్రం కొంచెం పచ్చిది కావాలి. బిగించాక కోడు మెల్లగా ఆరుతుంది, ఆరుతూ దగ్గరికి ముడుచుకుంటుంది, లోపలున్న పట్టెను పట్టేసుకుంటుంది. మేకు అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు. "కోడు పచ్చి, పట్టె ఎండు. గిట్ల బిగిస్తె మనుమల కాలం దాంక ఊడది" అని బాపు అరిచాడు. బావ తల ఊపాడు. నేను పేజీ తిప్పాను.

తర్వాత బాపు కళ్ళకు పొర కమ్మింది. దవాఖానలో ఆపరేషన్ చేశారు గానీ, ఉలి మొన చూడగలిగేంత చూపు మళ్ళీ రాలేదు. అప్పటికి అవ్వ పోయి రెండేళ్ళు. నేను జనగామలో సర్కారు బడిలో టీచర్‌ను, ఒక గదిలో కిరాయికి ఉంటున్నాను. ఒకరోజు అక్క ఫోన్ చేసి, మిషన్ తమ ఇంటికి చేరిందని మామూలుగా చెప్పింది. డీసీఎం వ్యానులో ఎక్కించి భూపాలపల్లి పంపాడట బాపు. ఉలులతో సహా, ఎండబెట్టి దాచుకున్న చెక్క ముక్కల గోనె సంచితో సహా. నన్ను అడగలేదు. ఇవ్వకపోతే పోనీ, ఇస్తున్నానని చెప్పను కూడా లేదు. నాలుగు నెలలు బాపుతో మాట్లాడలేదు. అది ఆయన గమనించినట్టు కూడా లేదు, మరింత మండింది.

మూడేళ్ళు గడిచాయి. ఆ ఏడు వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బళ్ళు బందు, బస్సులు బందు, ఆఫీసులు బందు, బొగ్గుబాయిలు బందు. జనగామలో రోడ్డు పక్కన టెంటు కింద టీచర్లమంతా కూర్చునేవాళ్ళం. ఒకరోజు రోడ్డు మీదే వంట, ఒకరోజు రోడ్డు మీదే బతుకమ్మ. నినాదాలకు నా గొంతు బాగా పనికొచ్చేది. కోపం ఎవరిమీద ఉన్నా అక్కడ అరవవచ్చు, అందరూ ఉద్యమమే అనుకుంటారు.

ఆ టెంటులోకే వచ్చింది పెన్ను. భూపాలపల్లి నుంచి జీపులో వచ్చిన ఒక టీచరమ్మ, మీ అక్క ఇమ్మందంటూ కాగితం పొట్లం చేతిలో పెట్టింది. విప్పితే గులాబీ రంగు పెన్ను, మధ్యలో తెల్లటి చారలు. చేతులు మారింది. టెంటంతా తిరిగింది. ఎక్కడ కొన్నావు, నాకొకటి తెప్పించు, ఎంత నునుపుగా ఉందో చూడు. నేను అక్కకు ఫోన్ చేశాను. బావ చేశాడట. సమ్మెలో తోచక చేస్తున్నాడట. దేని మీద చేశాడని అడిగాను. ఎందుకడిగానో అక్కకు తెలుసు. బాపు మిషన్ మీదనే చెల్లె, అంది.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాను. బస్సుల్లేవు కనుక హన్మకొండ దాకా ఒక జీపు, పరకాల దాకా ఒక ఆటో, అక్కణ్ణుంచి కూరగాయల ట్రాలీలో టమాటా పెట్టెల పక్కన. దారి పొడుగునా ఏమనాలో మనసులో రాసుకుంటూ పోయాను. బావ వాళ్ళ కంపెనీ క్వార్టర్ వెనక రేకుల పందిరి కింద మిషన్ ఉంది. దాని కింద నేల నిండా గులాబీ, నీలం, పసుపు పచ్చ పోగులు. సైన్‌బోర్డులు చేసే దుకాణంలో మిగిలిన ప్లాస్టిక్ కడ్డీలు తెచ్చుకుని తిప్పుతున్నాడు. గోడ మూలకు బాపు గోనె సంచి మూతి కట్టినట్టే ఉంది. మూడేళ్ళుగా ఆ ముడి విప్పలేదు.

ఆ ముడి చూశాక దారిలో రాసుకున్నదంతా మరిచిపోయి వేరే మాటలన్నాను. మా బాపు నలభై ఏళ్ళు చెక్క తిప్పిన మిషన్ మీద చెత్త తిప్పుతున్నావన్నాను. చేతగానివాళ్ళకే ప్లాస్టిక్ కావాలన్నాను. బావ గరుకు కాగితాన్ని నీళ్ళలో ముంచి పెన్ను రుద్దుతూ అన్నీ విన్నాడు. ఆయనతో నాకున్న పెద్ద కష్టం అదే, కొట్లాటకు దొరకడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నెమ్మదిగా తన లెక్క చెప్పాడు. చెక్కకు కణుపు ఉంటుంది, ఉలి ఎక్కడ జారుతుందో తెలియదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. చేతి చెమటకు లక్క లేస్తుంది. ప్లాస్టిక్ కడ్డీ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క తీరే. షిఫ్టుకు షిఫ్టుకు మధ్య దొరికే రెండు గంటల్లో మొదలుపెడితే ఆ రెండు గంటల్లోనే అయిపోతుంది. అంత తెలిసినవాడివి చెక్క మిషన్ ఎందుకు తీసుకున్నావని అడిగాను. ఇస్తుంటే వద్దంటే బాపుకు కోపమొస్తుందని తీసుకున్నాడట. ఆ పిరికితనానికి ఇంకో నాలుగు అంటించాను.

అప్పుడొక్కసారి తల ఎత్తాడు.

"బాయిల దిమ్మె కిర్రుమంటె ఉరకాలె. పొద్దంత గా సప్పుడు కోసమే చెవులు పెట్టి ఉంట. ఇంటికొచ్చినంక గూడ కట్టె సప్పుడే వినాల్నా?" అన్నాడు. మళ్ళీ తల దించుకుని రుద్దడం మొదలుపెట్టాడు.

ఎవరైనా ఆ మాటకు ఆగేవాళ్ళు. నేను ఆగలేదు. ఆ రోజు నాకు కావలసింది మిషన్, ఆయన బాధ కాదు. పందెం కట్టాను. దసరాకు బాపు ఇక్కడికే వస్తున్నాడు. జమ్మి చెట్టుకు కట్టే చీటీ, శ్లోకం రాసి ఇంటివాళ్ళ పేర్లు రాస్తామే, దాన్ని బాపు ముందు నేను చేసిన చెక్క పెన్నుతో రాస్తాను. రాస్తే మిషన్ జనగామ వస్తుంది. రాయకపోతే ఇంకెప్పుడూ దాని ఊసెత్తను. బావ సరే అన్నాడు. పైగా పాళీ, సిరా గొట్టం తనవే ఇచ్చాడు. పొద్దునంతా తను సమ్మె టెంటుకు పోతానని, మిషన్ వాడుకొమ్మని చెప్పి చెప్పులేసుకున్నాడు. అడ్డం పడి ఉంటే నాకు ఎంతో సులువుగా ఉండేది.

ముప్పై నాలుగేళ్ళ వయసులో మొదటిసారి ఆ మిషన్ స్విచ్ వేశాను. జడ చిక్కుకోలేదు. మొదటి ముక్క పగిలి ఎగిరి నుదుటికి తగిలింది. రెండోది సన్నబడి విరిగింది. మూడు రోజులు చేతులు బొబ్బలెక్కాయి. టీ తెచ్చిన అక్క పందిరి బయటే నిలబడేది. లోపలికి రమ్మంటే, అలవాటు లేదనేది. మిషన్ ఆమె ఇంట్లోనే మూడేళ్ళుగా ఉంది. ఒక్కసారన్నా ముట్టుకున్నావా అని కసిరాను. అక్క గ్లాసు నేల మీద పెట్టింది. "నువ్వన్న కొట్లాడుతున్నవ్ చెల్లె. నాకు కొట్లాడొచ్చని గూడ తోచలే" అంది. ఆ పూట ఇక పని సాగలేదు.

బావ చెప్పినవన్నీ ఒక్కొక్కటే నిజమవుతుంటే నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. సిరా బొట్టు పడితే చెక్క పీల్చుకుని మచ్చయింది. మర కోస్తే అంచులు పిండిలా రాలాయి. మర లేకపోతే మూత నిలవదు, వదులై జేబులో సిరా కక్కుతుంది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఊడిపోతున్న మూతను పట్టుకుని కూర్చుంటే బాపు అరుపు చెవిలో పడింది. కోడు పచ్చి, పట్టె ఎండు. నాకంటే తెలివైనది లేదనుకున్నాను. పెన్ను ఒళ్ళు బాపు సంచిలోని ఎండిన ఇరుగుడు ముక్కతో తీశాను. నల్లటి చేవ, రాయంత గట్టిది. మూతను క్వార్టర్ల వెనక వానకు విరిగిపడ్డ తుమ్మ కొమ్మతో తీశాను, ఇంకా పచ్చిగా, చల్లగా ఉంది. మూతలో బెజ్జం సరిగ్గా పెన్ను ఒంటి కొలతకు తొలిచాను. మూత పెడితే మెత్తగా జారి ఆగింది, లాగితే మెత్తగా వచ్చింది. రెండింటికీ లక్క పట్టించాను. నల్లటి ఒళ్ళు, ఎర్రటి మూత. అంత అందమైన పెన్ను నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. కాగితం మీద నా పేరు రాసి చూశాను, సిరా సాఫీగా దిగింది.

మా ఇంట్లో సద్దుల బతుకమ్మ నాటి పొద్దున పనిముట్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి పీట మీద ఉంచుతాం. దసరా పూజ అయ్యేదాకా వాటిని ముట్టకూడదు. అది బాపు పాటించిన పద్ధతి. ఉలుల పక్కన నా పెన్ను కూడా పెట్టాను, మూత పెట్టి. దానికీ పనిముట్టు గౌరవం దక్కాలని ఆశ. పక్కనే దీపం, దీపానికి ఆగకుండా నూనె. వానలు తగ్గి ఎండ కాస్తోంది. రెండు రోజులు నేను ఆ పీట చుట్టూ తిరుగుతూ, మిషన్‌ను జనగామలో ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తూ గడిపాను.

దసరా మధ్యాహ్నం బాపు వచ్చాడు, మానుకోటలో ఎవరిదో ట్రాలీ ఆటోలో ముందు సీట్లో కూర్చుని. పందెం సంగతి అక్క ముందే ఫోన్‌లో చెప్పిందట. సాయంత్రం పూజయింది. బావ తెల్ల కాగితం తెచ్చి స్టూలు మీద పరిచాడు. బాపు కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నాడు, ఆ చూపుకు ఏం కనపడుతుందో ఏమో. నేను పీట మీది పెన్ను తీసి, బంతి రేకు దులిపి, మూత లాగాను.

రాలేదు.

మెలిపెట్టి లాగాను. కొంగుతో పట్టుకుని లాగాను. వేళ్ళు ఎర్రబడ్డాయి. బయట వాడకట్టు వాళ్ళు జమ్మికి రండని పిలుస్తున్నారు. బావ చెయ్యి చాపాడు. ఆ పెన్నును ఆయన చేతిలో పెట్టడం కంటే సిగ్గుచేటు పని నేను ఈ జన్మలో చేయలేదు. ఆయన బలమంతా పెట్టి లాగాడు, ఆయనకూ రాలేదు. పట్టకారు తెస్తానని లేవబోతే బాపు వద్దన్నాడు. పగులుతదన్నాడు. బావ జేబులోంచి తన గులాబీ పెన్ను తీశాడు. రెండు చుట్లు తిప్పితే మూత వచ్చేసింది. శ్లోకం రాశాడు, బాపు పేరు, తన పేరు, అక్క పేరు రాశాడు. చివర నా పేరు కూడా రాశాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే కాగితం చించి మొహాన కొట్టేదాన్ని, ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

అక్కా బావా జమ్మికి పోయారు. మోకాళ్ళ నొప్పులని బాపు ఉండిపోయాడు. నేను ఉక్రోషంతో ఉండిపోయాను. కాసేపటికి బాపు చెయ్యి చాపి పెన్ను అడిగాడు. మూతకూ ఒంటికీ మధ్య సందు మీద బొటనవేలి గోరు పెట్టి చుట్టూ తిప్పి చూశాడు. గోరు ఎక్కడా దిగలేదు.

"మూత పచ్చిదా?" అన్నాడు.

అవునన్నాను. లోపలిది ఎండినదా అని అడిగాడు. అవునన్నాను.

"ఎవలు నేర్పిన్రు?"

"నువ్వే. నాకు గాదు, బావకు" అన్నాను. విషం కలిపే అన్నాను.

బాపు ఇంకోసారి గోరు తిప్పాడు. "నీ బావకు ఎన్నడన్న చెవుడుండెనా బిడ్డా?" అన్నాడు.

ఏమడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు.

"మిషన్ బందైనంక గూడ గంత గట్టిగ ఎందుకు చెప్పిన అనుకున్నవ్? నువ్వు కడప మీద కూసున్నది నాకు తెల్వదా?"

ఆ మాటకు నేను కరిగి కాళ్ళ మీద పడ్డానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నాకు ఒళ్ళు మండింది. అంతకు ముందు పడ్డ కోపమంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. తెలియక దూరం పెట్టాడనుకుని ఇన్నేళ్ళూ ఎట్లాగో భరించాను. తెలిసే పెట్టాడు. నేను వింటున్నానని తెలుసు, నేర్చుకుంటానని తెలుసు, అరిచే ఓపిక ఉంది, లోపలికి రా అని మెల్లగా ఒక్క మాట అనే ధైర్యం మాత్రం లేదు. అల్లుణ్ణి అడ్డం పెట్టుకుని కూతురికి పని నేర్పిన మనిషి. "గంత తెలిసినోనివి లోపటికి పిలిస్తే ఏం పోతుండె?" అని అడిగాను. నా గొంతు వాడకట్టు దాకా వినిపించే ఉంటుంది.

బాపు మూత మీంచి గోరు తీశాడు. "పిలవలే బిడ్డా" అన్నాడు. అంతే. కారణం చెప్పలేదు, తప్పయిందని అనలేదు. పెన్నును అంగీ జేబుకు పెట్టుకున్నాడు. అది రాయదని గుర్తు చేశాను. నాకు రాసుడు ఎట్లాగూ రాదు కదా అన్నాడు, మంచినీళ్ళు అడిగాడు. తెచ్చి ఇచ్చాను.

పందెం పందెమే. మిషన్ లేకుండా జనగామ పోయాను. సమ్మె ముగిసింది, పోయిన పాఠాలన్నీ సెలవు రోజుల్లో చెప్పాం. బాపు ఆ పెన్నును జేబులోంచి తీయలేదని అక్క చెప్పేది. ఇంటికి ఎవరొచ్చినా దాన్ని చేతికిచ్చి మూత తీయమనేవాడట. కుర్రాళ్ళు చొక్కా చేతులు మడిచి లాగి, ఓడిపోయి ఇచ్చేసేవాళ్ళట. నా చిన్న బిడ్డ బిగించింది, మీతోని కాదు అని గట్టిగా చెప్పి నవ్వేవాడట. ఈ ముక్క నాతో ఒక్కసారీ అనలేదు. ఆ తర్వాత కూడా నాకు చెప్పాల్సింది ఊరందరికీ అరిచి చెప్పాడు.

రాష్ట్రం వచ్చిన ఏడాదే బాపు పోయాడు. దినాలయ్యాక అక్క ఆ పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టింది. నెల తిరక్కుండా బావ మిషన్‌ను, బాపు గోనె సంచితో సహా, డీసీఎంలో ఎక్కించి జనగామ పంపాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మిషన్ కాలికి ఒక కట్ట కట్టి ఉంది, విప్పితే రంగురంగుల ప్లాస్టిక్ కడ్డీలు. వెటకారమో, మంచితనమో ఇప్పటికీ తేల్చుకోలేదు. వెటకారమనే అనుకుంటాను, తిట్టడానికి అదే వీలు.

మొదట బాపు సంచిలోంచి చెక్క ముక్కే తీసి బిగించాను. స్విచ్ వేయకముందే, ఇది పచ్చిదా ఎండుదా అని ఆయన గొంతు. ఉలి ఆనిస్తే మళ్ళీ ఆయన గొంతు. కడప మీద కూర్చున్నప్పుడు వినాలని చచ్చేంత ఆశపడిన గొంతే. మిషన్ ముందు నిలబడ్డాక అది నాకు అక్కర్లేదు, ఆలస్యంగా వచ్చిన మాట ఎవరికి కావాలి? చెక్కను విప్పేసి బావ పంపిన కట్టలోంచి ఒక కడ్డీ తీశాను. అది ఏ మాటా అనలేదు. ఏది పచ్చి అని అడగలేదు. సాయంత్రానికల్లా పెన్ను తయారైంది, మూత పెడితే పడింది, తీస్తే వచ్చింది. ఇంటికొచ్చాక కూడా కట్టె చప్పుడే వినాలా అని బావ ఎందుకన్నాడో ఆ రోజు తెలిసింది. ఆయనతో ఏకీభవించాల్సి రావడం నాకు ఏమాత్రం నచ్చలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పనూ లేదు.

మేడ మీద ఆదివారాలు నన్నడిగితే నేను చెప్పని కారణం ఇదీ. సిరా తాగుతుందనీ మరలు నిలవవనీ వాళ్ళు చెప్పేవన్నీ నాకూ అనుభవమే. కానీ నేను తిప్పిన ప్లాస్టిక్ పెన్నులన్నీ అడిగినప్పుడు తెరుచుకుంటాయి, నాకు అది చాలు.

చెక్క పెన్ను ఒకటే చేశాను. అది మిషన్ పక్క గూట్లో ఉంటుంది. వానలు ముదిరాక ఏడాదికోసారి, ఉబ్బి వదులవుతుందేమోనని, మూత పట్టుకుని తిప్పి చూస్తాను. ఈ ఏడు కూడా రాలేదు. బాపు చెప్పినట్టే పట్టింది, అందుకు కూడా నాకు ఆయన మీద కోపమే.